పాలిచ్చే నెలల్లో ఆల్బమ్ చేయడం ఎట్లా

మళ్లీ పాడదామనుకునే తల్లులు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది మైకు గురించే. ఏ కంపెనీది తీసుకోవాలి, ఎంతవుతుంది, ఆన్‌లైన్లో దొరుకుతుందా అని. మైకు తర్వాత కొందురుగానీ, ముందు శ్రుతి దించండి.

పెళ్లికి ముందు నాది ఐదున్నర శ్రుతి. కడప ఆకాశవాణిలో లలిత సంగీతం బీ గ్రేడు, పెళ్లిళ్ల సీజన్లో ప్రొద్దుటూరు నుంచి రాయచోటి దాకా ఆర్కెస్ట్రా పాటలు. తర్వాత పాట ఆగింది. చాలామంది ఆడవాళ్లకు ఎందుకాగుతుందో నాకూ అందుకే ఆగింది, ఆ కథ ఇక్కడొద్దు. నాకు ఏడో నెల నడుస్తుండగా అమ్మ పోయింది. పాప పుట్టాక, దానికి పాలిస్తూ ఏడు పాటల ఆల్బమ్ చేశాను. దాదాపు అంతా నాలుగున్నర శ్రుతిలో నడిచింది, ఒక పాటకైతే నాలుగుకు దిగాను. "గొంతు దారికొచ్చినాక చేద్దువులే మ్మే" అన్నోళ్లు తక్కువేం కాదు. ఆ పాత గొంతు వచ్చేదాకా కూచుంటే ఈ గొంతుతో పాడాల్సినవి పాడకుండానే పోతాయి. అందుకని ఇప్పుడున్న గొంతు, ఇప్పుడున్న ఇల్లు, ఇప్పుడు దొరికే కాస్త నిద్రతోనే పని ఎట్లా నడుపుకోవాలో చెబుతా.

ముందు పొట్ట, తర్వాత గొంతు

కడుపుతో ఉన్నన్నాళ్లు పొట్ట కండరాలు సాగి పక్కలకు జరుగుతాయి. సిజేరియన్ అయితే పైన కోత కూడా. ఊపిరి పట్టి నిదానంగా వదిలే పనిలో ఆ కండరాలకు పెద్ద వాటా ఉంది. అందుకే పల్లవి చివరికొచ్చేసరికి గాలి చాలదు. గొంతు పాడైందని భయపడతాం గానీ తగ్గింది కింది బలం.

ఆరు వారాల చెకప్పులో డాక్టరమ్మను "పాడొచ్చా?" అని అడిగితే "ఓ, పాడమ్మా" అంటుంది. ఆమె మనసులో ఉండేది జోలపాట. "పొట్ట బిగించి పై షడ్జం పట్టొచ్చా? గంటసేపు నిలబడి పాడొచ్చా? కుట్లు తట్టుకుంటాయా?" అని విడమరిచి అడగండి. పై స్థాయికి పోయినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటే అది కూడా చెప్పండి. ఇది చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటికి అనరు. కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, ఫిజియోథెరపిస్టులు నేర్పిస్తారు.

పాలిచ్చే నెలల్లో ఒంట్లో ఈస్ట్రోజెన్ తక్కువ, గొంతు పొడిబారినట్టుంటే దానికి అదీ ఒక కారణం కావచ్చు. పైగా మన ఇళ్లలో బాలింతకు నీళ్లు కొలిచి ఇస్తారు. మా పెద్దమ్మైతే చెంబు చేతిలోంచి లాగేసుకునేది. ఈ ఒక్క విషయంలో పెద్దోళ్ల మాట వినొద్దు. పాలకూ నీళ్లు కావాలి, పాటకూ నీళ్లు కావాలి. ఇంకో సంగతి, మనం తాగే నీళ్లు స్వరతంత్రుల మీద పడవు, అన్ననాళంలోకి పోతాయి. ఒంటికి పట్టి అక్కడికి తడి చేరేదానికి టైము పడుతుంది. పాట ముందు గటగటా తాగినందువల్ల ఏం రాదు, పొద్దుట్నుంచీ తాగుతుండాలి. సొంటి కషాయం, మిరియాల పాలు ప్రాణానికి హాయిగా ఉంటాయి, అంతవరకే. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. అందులో జండూబామూ అదీ ఇదీ వేయకుండా ఒట్టి నీళ్ల ఆవిరి పట్టండి, అదీ పాప దగ్గర లేనప్పుడు.

సాధనకు మళ్లీ సరళీ వరసలతో మొదలుపెట్టొద్దంటాను. సగం గ్లాసు నీళ్లు, జ్యూస్ తాగే స్ట్రా ఒకటి చాలు. స్ట్రా కొసను నీళ్లలో రెండు వేళ్ల లోతు ముంచి, పెదాలు బిగించి "ఊ" అంటూ బుడగలు తెప్పించండి. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. నోటి దగ్గర గాలికి అడ్డు ఉండడంతో తంత్రుల మీద దెబ్బ తగ్గుతుంది, తక్కువ కష్టంతో నాదం వస్తుంది. ఐదు నిమిషాలు చాలు. పాప పడుకున్నా చేసుకోవచ్చు, చప్పుడు పెద్దగా ఉండదు. ఆ తర్వాత మంద్రస్థాయిలో జంట వరసలు, నిదానంగా.

పాలిచ్చాకే పాడండి. రొమ్ములు బరువుగా ఉన్నప్పుడు ఛాతీ విప్పి ఊపిరి పీల్చలేం, జాకెట్టు కూడా బిగుతుగా ఉంటుంది. పాప తాగి పడుకున్నాక దొరికే ముప్పావు గంటే మీ స్టూడియో టైము.

ఏ పాటలు

సినిమా జోలపాటలతో చేద్దామని అందరికీ అనిపిస్తుంది. వద్దు. కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది, 2012 సవరణలో వచ్చింది. వేరేవాళ్ల పాటను మళ్లీ పాడి రికార్డుగా తేవాలంటే దాని షరతులు ఇవీ: ఒక పాట మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. ఇంట్లో కూచుని చేసుకునే మనకు అయ్యే పని కాదు. యూట్యూబ్‌లో జనం పెట్టేస్తున్నారు కదా అంటారా, పెడుతున్నారు, తీయించేస్తున్నారు కూడా.

అన్నమయ్య మనకు దగ్గర. రాజంపేట దగ్గరి తాళ్లపాక, దేవుని కడప రాయుడి మీద కట్టిన సంకీర్తనలు, అన్నీ మన గడ్డవే. ఆయన కాలం 1408 నుంచి 1503, సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఇప్పుడు మన చెవుల్లో ఉన్న బాణీలు చాలావరకు పోయిన శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో సంకీర్తనలకు స్వరాలు కూర్చారు, ఆయన పోయింది 1979లో. మన చట్టంలో కర్త పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. అంటే ఆ బాణీలు 2039 చివరిదాకా స్వేచ్ఛగా వాడుకునేవి కావు. అన్నమయ్య మాటలు తీసుకుంటే బాణీ మీరే కట్టుకోండి. భయమేం లేదు, నవరోజు రాగంలో నాలుగు గీతలు గీసుకుని చూడండి, అదే దారి చూపిస్తుంది.

అసలు గని ఇంట్లోనే ఉంది. నా ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు మా అవ్వ చెల్లెలి దగ్గర్నుంచి వచ్చాయి. మైదుకూరు అవతల పల్లెలో ఉంటుంది. ముసలోళ్ల ముందు ఫోన్ పెట్టి "పాడవ్వా" అంటే పాడరు. "నాకేం వచ్చునే, గొంతు పూడుకపోయింది" అంటారు. చెనిక్కాయలు ఒలుస్తున్నప్పుడు పోయి పక్కన కూచోవాలి, మీరూ ఒలవాలి. చేయి పనిలో పడ్డాక పాట దానంతటదే వస్తుంది. ఫోన్ ముందే ఆన్ చేసి చేటకు అవతల పెట్టుకోండి, కానీ రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి, దొంగతనంగా వద్దు. చెనక్కాయ పొట్టు చప్పుడు పడుతుంది, పడనీండి, మీకు కావాల్సింది మాటా వరసా. ఆల్బమ్ వివరాల్లో రచయిత అన్నచోట "సంప్రదాయం" అని వేసి, ఎవరి నోటి నుంచి నేర్చుకున్నారో ఆమె పేరు ఆమెకు ఇష్టమైతే రాయండి. డబ్బు కూడా ఇవ్వండి. చీర పెట్టి సరిపెట్టొద్దు.

ఆ ముసలామె పాటలు వింటుంటే నాకొకటి తట్టింది. జోల పాడేటప్పుడూ, చావింట్లో శోకం తీసేటప్పుడూ ఆమె గొంతు ఒకే దారిలో దిగుతుంది. మొదటి మాట పైన పట్టుకోవడం, నిదానంగా కిందికి జారడం, చివర్లో "అమ్మా" అనో "పాపా" అనో ఆగడం. పిలుపు ఎవరికన్నదే తేడా. మన వైపు కడుపుతో ఉన్నోళ్లను శవం దగ్గరికి రానీరు. నన్నూ రానీలేదు, వరండాలో కూచోబెట్టారు. లోపల ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు శోకాలు తీస్తుంటే బయట కూచుని విన్నాను. పెళ్లయిన కూతురికి శాస్త్రం ఇచ్చే మైల మూడు రోజులే. అమ్మ కోసం నేను నోరెత్తింది లేదు. పాప పుట్టాక జోల మొదలుపెడితే నోటికొచ్చింది ఆ వరసే.

అందుకని మీ పాటల జాబితాలో ఒక్కటైనా మీరు రాసింది ఉండాలి. కవిత్వం కానక్కర్లేదు. నేను రాసింది ఇంతే:

ఎవరి పోలిక పాపా నీకు, ఎవరి చెయ్యి ఇది
ఏడిస్తే మా అమ్మ పెదవి, నవ్వితే నీది

రాగం విషయంలో ఒక ముక్క. దుఃఖం అనగానే ముఖారి, శుభపంతువరాళి ఎత్తుకుంటాం. పాడేవాళ్లకంటే ముందు రాగమే ఏడ్చేస్తుంది. నీలాంబరి, ఆనందభైరవి, నవరోజు చాలు, మిగతాది మాట చూసుకుంటుంది.

ఉయ్యాల కొలత

లయకు మెట్రోనోమ్ యాప్‌లో ఏదో ఒక నంబరు పెట్టొద్దు. మీ ఇంట్లో చీర ఉయ్యాల ఉంటే దాన్నడగండి. తాడు పొడుగును బట్టి ఊగే వేగం ఉంటుంది, పాప బరువుతో దాదాపు పనిలేదు. దూలం నుంచి పాప పడుకున్న చోటికి 2 మీటర్లుంటే ఒక పోయిరావడానికి సుమారు 2.8 సెకన్లు. దాన్ని నాలుగు దెబ్బలుగా లెక్కేస్తే నిమిషానికి 85. తాడు పొట్టిదైతే వేగం పెరుగుతుంది. నా ఆల్బమ్‌లో మూడు పాటలు ఆ 85 మీదే ఉన్నాయి. దూలానికి తాడు ఒరుసుకునే కిర్రు చప్పుడును ఫోన్‌తో విడిగా రికార్డు చేసి ఒక పాటలో తాళంగా వాడుకున్నా. దానికి తోడు తంబూర, ఇంకో పాటలో చెక్కభజన చెక్కలు, గుడ్డ చుట్టి మెత్తగా. వేరే వాయిద్యాలు పెట్టలేదు. కీబోర్డు వాయించే తమ్ముడు "అక్కా, వయొలిన్లు ఎక్కిస్తే ఏడిపించొచ్చు" అన్నాడు. వద్దన్నా.

గది

కడపలో ఇల్లంటే కింద కడప బండలు, పైన స్లాబు, చుట్టూ సున్నం గోడలు. చప్పట్లు కొడితే నాలుగువైపుల నుంచీ తిరిగొస్తాయి. ఈ మోత రికార్డింగులో పడిందంటే తర్వాత తీయడం కుదరదు. స్టూడియో స్పాంజీలు కొనక్కర్లేదు, బొంతలు తీయండి. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు మా ఇంట్లో ఉన్నాయి, నాలుగైదు పొరలవి. పలచటి దుప్పటి పై శబ్దాలనే మింగుతుంది, మందం బొంత ఇంకొంచెం కిందికీ పనిచేస్తుంది. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదిలి దండెం మీద వేస్తే మరీ మంచిది.

ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. చాలామంది మైకు వెనకాల వేస్తారు. మనం వాడే మైకులు ఎక్కువగా ముందువైపుదే వింటాయి. మైకు ముందు మీరున్నారు, అంటే అది వినేది మిమ్మల్నీ, మీ వీపు వెనకున్న గోడనీ. బొంత మీ వెనక ఉండాలి. రెండోది పక్కన. కింద చాప, దాని మీద పరుపు. మా అమ్మ బొంతలో ఆమె కనకాంబరం రంగు చీర ముక్క ఒకటి సరిగ్గా నా భుజం దగ్గరికొస్తుంది. అది చూసుకుంటూ పాడతారా, వీపు తిప్పి పాడతారా అన్నది మీ ఇష్టం. నేను వీపు తిప్పే పాడాను, సాంకేతికంగా కూడా అదే కరెక్టు.

మైకు ఇప్పుడు చెబుతా. ఇల్లు నిశ్శబ్దంగా ఉండదు గనక కండెన్సర్ మైకుకు పోవద్దు, అది వీధి చివర ఆటోను కూడా పట్టుకుంటుంది. స్టేజీ మీద వాడే డైనమిక్ మైకు చాలు. ష్యూర్ ఎస్‌ఎం58 అని 1966 నుంచి వస్తున్న మోడల్, ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాతది అడిగితే దొరుకుతుంది. దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, చెవులు మూసే హెడ్‌ఫోన్ ఒకటి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితం. ప, బ అన్నప్పుడు గాలి కొట్టకుండా ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పాత సాక్సు సాగదీసి కట్టి మైకు ముందు పెట్టండి.

సమయం తెల్లవారుజాము. ముందు అజాన్, ఆ తర్వాత గుడి మైకులో సుప్రభాతం, అది కాగానే పక్కింటి బోరు మోటారు. నాలుగు గంటలకు ముందు ఒక గంట దొరుకుతుంది. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్జు ప్లగ్గు తీయాలి, తీసినట్టు గుర్తుకు కారు తాళమో ఫోనో ఫ్రిజ్జు మీద పెట్టుకోండి, లేకపోతే పొద్దున పాలు విరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. కడప ఎండకు ఫ్యాను లేకుండా మూసిన గదిలో బాలింత నిలబడకూడదు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

ముక్కలుగా పాడటం

పాప ఎప్పుడు లేస్తుందో తెలీదు. కాబట్టి పాట మొత్తం ఒక్క ఊపులో పాడాలన్న పట్టుదల వదిలేయండి. నాలుగు లైన్లు, ఆపడం. మళ్లీ నాలుగు. వేరే రోజు పాడిన ముక్కలు అతికినట్టు తెలియకుండా ఉండాలంటే ప్రతిసారీ అన్నీ అదే తీరులో ఉండాలి. నిలబడే చోట కాళ్ల చుట్టూ చాక్‌పీసుతో గీత గీయండి. మైకుకు నోటికి జానెడు, కొలిచి పెట్టుకోండి. ఇంటర్‌ఫేస్ మీద తిప్పే బటన్లు ఎక్కడున్నాయో ఫోటో తీసుకోండి. తంబూర యాప్‌లో శ్రుతి ఎంతుందో రాసుకోండి. కొత్త ముక్క మొదలుపెట్టే ముందు పాత ముక్క చివరి రెండు లైన్లు హెడ్‌ఫోన్లో వింటూ వాటితో కలిసి పాడుతూ రండి, ఆ ఊపిరితోనే ముందుకు పోవచ్చు.

సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ప్రతి రోజూ మొదట అర నిమిషం ఏం మాట్లాడకుండా ఖాళీ గదిని రికార్డు చేయండి. ముక్కలు అతికేటప్పుడు మధ్యలో పూర్తి నిశ్శబ్దం ఉంటే గుంటలా వినిపిస్తుంది, అక్కడ ఈ గది చప్పుడు పరవాలి.

ఒక విచిత్రం చెప్పాలి. టేకులో పాప ఏడుపు పడుతుంది. దాన్ని తీసేద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎడిటింగుకు కూచుంటే, పాప పక్క గదిలో హాయిగా నిద్రపోతుంటుంది, నాకు మాత్రం పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతుంది. రికార్డయిన ఏడుపుకు కూడా ఒళ్లు అట్లే పలుకుతుంది. ఎడిటింగు రోజు ముదురు రంగు జాకెట్టు వేసుకోండి, ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి. పాప ఏడుపున్న ముక్క మీరు పాడిన వాటిలో మంచిదైతే తీసేయకుండా ఉంచేయండి కూడా. నా నాలుగో పాట చివర్లో అది ఉంది, దాని తర్వాత నేను "వస్తాండా, వస్తాండా" అనడం కూడా ఉంది.

ఏడుపొస్తే

వస్తుంది. ఏడుపొచ్చినప్పుడు ఎక్కువ గాలి పోయేదానికి స్వరపేటిక తెరుచుకుని ఉండాలని ఒళ్లు చూస్తుంది, మనం మింగబోతే అది మూసుకోవాలి. ఆ పెనుగులాటే గొంతులో ఉండ అడ్డం పడినట్టుండేది. దాని మీద బలవంతంగా పాడితే గొంతు గీసుకుపోతుంది. ఆపండి, ఏడ్వండి, నీళ్లు తాగండి. ఏడ్చిన వెంటనే ముక్కూ గొంతూ వాచి ఉంటాయి, ఆ పూట ఇంక పాడొద్దు, ఎడిటింగో బట్టలు మడతపెట్టడమో చేసుకోండి.

అన్నిటికన్నా బరువైన పాటను మొదట్లో పెట్టుకోవద్దు, చివరికి తోయొద్దు. మొదట పెడితే పని ఆగిపోతుంది, చివరికి తోస్తే దాని భయంతో మిగతావి చెడతాయి. రెండు మూడు పాటలు చేతిలో పడ్డాక ఎత్తుకోండి. ముందు కొన్నాళ్లు మాటలు లేకుండా హమ్మింగ్ చేయండి, తర్వాత వరస లేకుండా మాటలు ఒట్టిగా చదవండి, కూరగాయల చిట్టీ చదివినట్టు. ఏ మాట దగ్గర గొంతు పట్టుకుంటుందో తెలుస్తుంది. ఆ మాటకు ముందు ఊపిరి తీసుకునే చోటు పెట్టండి. ఎంత చేసినా ఆ మాట పలకలేకపోతే దాన్ని మార్చండి. మీ పాటే కదా.

ఇది వేరు, జబ్బు వేరు. కాన్పయిన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. అది దాటాక కూడా నిద్రపట్టక, పాపను చూస్తే ఏమీ అనిపించక, బతుకు వద్దనిపిస్తుంటే అది ఆల్బమ్‌తో తగ్గేది కాదు. 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు. డాక్టరు దగ్గర పది ప్రశ్నల పరీక్ష ఒకటుంటుంది, ఎడిన్‌బరో స్కేలు అంటారు, చేయించుకోండి. మందు వాడాల్సొస్తే పాలిస్తున్నానని చెప్పండి, దానికి తగ్గవి రాస్తారు.

పోయినోళ్ల గొంతు

మీ ఫోన్లో అమ్మ వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈ రోజే భద్రం చేయండి. ఆల్బమ్ చేసినా చేయకపోయినా. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ ఫోల్డరులో వాయిస్ నోట్స్ అని ఉంటుంది, అక్కడ ఓపస్ రకం ఫైళ్లుంటాయి. ఆ అసలు ఫైళ్లనే కాపీ చేయండి. స్పీకర్లో పెట్టి ఇంకో ఫోన్తో రికార్డు చేయొద్దు, రింగ్‌టోన్ యాప్‌లలో పెట్టి కోయొద్దు, ప్రతిసారీ కొంత చెడిపోతుంది. ఒక కాపీ మీ కంప్యూటర్లో, ఇంకోటి వేరే ఇంట్లో ఉండే హార్డ్‌డిస్కులో. నావి ప్రొద్దుటూర్లో మా అన్న దగ్గరున్నాయి.

ఆల్బమ్‌లో వాడాలంటే వేవ్‌లోకి మార్చి, 100 హెర్ట్జ్ కిందున్న లోతు శబ్దాలు కోసేసి, గాలి మోత కొంచెం తగ్గించండి. ఎక్కువ శుభ్రం చేస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టవుతుంది. నేను వాడింది నాలుగే మాటలు: "తిన్న్యావా మ్మే? ఎండలో తిరగబాకు." ఇంట్లో అందర్నీ అడిగాకే వాడాను. నాయన మొదట వద్దన్నాడు. కొన్నాళ్లకు ఆయనే వచ్చి "ఇంకోటుంది నా ఫోన్లో, ఇనుకుంటావా" అన్నాడు.

బంధువులు ఏమంటారో మీకు తెలుసు. ఏడాది తిరక్కముందే పాటలేంది, పచ్చి బాలింతకు మైకేంది. దీనికి సమాధానం వెతుక్కోవద్దు. రికార్డింగ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా ఉంటే చాలు. అత్తగారికి మాత్రం చెప్పండి, ఎందుకంటే ఆ గంట పాపను చూసుకునేది ఆమే.

విడుదల

ఇది తొందరగా చెప్పేస్తా, నాకిందులో పెద్ద ఆసక్తి లేదు. పాటలన్నీ వేవ్ ఫైళ్లు, శబ్దం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్కలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర. జోలపాటలు అంతకంటే మెల్లగా ఉన్నా నష్టం లేదు, నొక్కి గట్టిగా వినిపించేట్టు చేయించొద్దు. అట్టబొమ్మ ఒక్కో వైపు 3000 పిక్సెళ్లుండే చదరం. దాని మీద పాప మొహం పెట్టొద్దనే నా సలహా, దండేసిన ఫోటో అసలే వద్దు. బొంత ఫోటో తీయండి. పాటలను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీ ఏదైనా ఒక్కో పాటకు గుర్తింపుగా ఒక ఐఎస్ఆర్‌సీ కోడ్ ఇస్తుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉంటాయి, రాసిపెట్టుకోండి. స్పాటిఫైలో ప్లేలిస్టుల కోసం పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి, నెల ముందైతే మేలు. మీరు రాసి బాణీ కట్టిన పాటలుంటే, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టండి.

డబ్బు సంగతి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినకపోతే ఆ పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. శ్రీమంతాలకు, బారసాలలకు పిలుపులు వస్తాయి, డబ్బు అక్కడుంది.

తేదీ సంవత్సరీకం నాడు పెట్టొద్దు. బాగుంటుందనిపిస్తుంది, నాక్కూడా అనిపించింది. ఆ రోజు ఇంటి నిండా జనం ఉంటారు, గారెలు వండాలి, ఎంతమంది విన్నారో చూసుకోవడానికి ఫోన్ చేతిలోకి రాదు, వచ్చినా చూడాలనిపించదు. ఊరికే ఒక శుక్రవారం చూసుకోండి.

స్టేజీకి పిలిస్తే ముందే మూడు షరతులు చెప్పేయండి. గడియపెట్టే తలుపు, ఫ్యాను ఉన్న గది ఒకటి పాలిచ్చేదానికి. నా పాటలు రాత్రి ఎనిమిదిన్నరలోపు అయిపోవాలి. స్పీకర్ల ముందు పాపను ఎత్తుకుని ఫోటోలు దిగేది లేదు, ఆ మోత చంటిబిడ్డ చెవులకు మంచిది కాదు. "చూద్దాంలే అక్కా, అక్కడికొచ్చినాక సర్దుకుందాం" అనే నిర్వాహకుడు గది ఇవ్వడు. అట్లాంటోళ్ల దగ్గర నేను అడ్వాన్సు తీసుకోను.